మామ దస్తీ

మా మేనమామ దగ్గినప్పుడల్లా నోటికి అడ్డం పెట్టుకున్న దస్తీ విప్పి చూసుకునేటోడు. అండ్ల ఏం ఎతుకుతుండో నాకు చిన్నప్పుడు సమజయ్యేది కాదు.

ఆయనది గల్ఫ్‌ల ఒక విమానాశ్రయంల మంటలార్పే కొలువు. శిక్షణ కోసం ఇనుప విమానం బొమ్మ మీద కిరోసిన్ పోసి అంటువెట్టి, వీళ్లతోని ఆర్పించేటోళ్లట. సెలవుల మీద లక్సెట్టిపేటకొస్తే ఆయన దస్తీలు ఎంత ఉతికినా దగ్గుల పడ్డ మసి పోయేది కాదు. "చాటుకు సిగరెట్లు తాగుతుండు" అని అత్త ఆయన అంగీలు వాసన చూసేది.

ఒకసారి దస్తీలు తెల్లగ వచ్చినయి. అత్తకు అనుమానం ఇంకింత పెరిగింది.

"నిజం చెప్పు, కొలువు పోయిందా?"

"పోలేదే. పొగ ఎక్కువైతుందని కిరోసిన్ బంద్ చేసిండ్రు. ఇప్పుడు గ్యాసు మంట. మసే రాదు."

"మసి రాని మంట ఆర్పనీకి నీకు జీతమిస్తరా?"

మామ నవ్విండు. నవ్వుతుంటెనే దగ్గొచ్చింది. దస్తీ అడ్డం పెట్టుకొని దగ్గి, విప్పి చూసిండు. తెల్లగనే ఉంది. అయినా కిటికీ కాడికి పోయి, వెలుతుర్ల అటు ఇటు తిప్పి మల్ల చూసిండు.

ఆ దినం సంది మామ దగ్గితే, దస్తీ గుంజుకొని ముందుగాల అత్తనే విప్పి చూసేది.