‘మా పేర్’ కాదమ్మా, ‘మోఁ పేర్’

మా ఫ్రెంచ్ మేడం పోయారని పొద్దున్నే ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. నేనూ ఇప్పుడు గుంటూరులో ఫ్రెంచే చెబుతున్నాను. ఆ పూట క్లాసుకి వెళ్లి, బోర్డు మీద ‘మోఁ పేర్’ అని రాశాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె, మిరప వేసే ఇల్లు. మార్కులు బాగా వస్తాయని ఇంటర్‌లో ఫ్రెంచ్ తీసుకున్నాను. మొదటి వారంలోనే మేడం నన్ను లేపి, “మా నాన్న రైతు” అని ఫ్రెంచ్‌లో చెప్పమన్నారు. తెలుగులో అన్నట్టే ధైర్యంగా “మా పేర్...” అని మొదలుపెట్టాను.

మేడం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టారు. “పేర్ అంటే నాన్న, పుంలింగం. ‘మోఁ పేర్’ అనాలి. అమ్మకైతే ‘మా మేర్’.”

“నేను ఆడపిల్లని కదా మేడం?”

“నువ్వెవరైతే దానికేంటమ్మా? ఆ మాట నిన్ను చూడదు. తన పక్కనున్నవాళ్లని చూసి మారుతుంది.”

ఆవిడా అంతే. చర్చిలో పెద్దవాళ్లతో మెల్లగా, కూరల బండి దగ్గర గట్టిగా, మాతో మా ఈడుదానిలా మాట్లాడేవారు.

రెండో ఏడు తోటకి తామరపురుగు పట్టి పైరంతా పోయింది. నన్ను హాస్టల్ మాన్పించి ఇంటికి తీసుకెళ్లడానికి నాన్న వచ్చాడు. సంగతి తెలిసి మేడం గేటు దాకా పరుగున వచ్చారు.

“పరీక్షలు దగ్గరికొచ్చాయండి. అందాకా మా ఇంట్లో ఉంటుంది.”

“మా పిల్ల మీకు బరువెందుకండీ?”

“మీ పిల్లే, ఎవరు కాదన్నారు? పరీక్షలయ్యేదాకా మన పిల్ల అనుకుందాం.”

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, “సరేనండి” అన్నాడు.

ఆ వారమే ‘నోత్ర్’ అనే మాట చెప్పారు. “‘నోత్ర్ మేజోఁ’ అంటే మా ఇల్లా, మన ఇల్లా మేడం?” అని అడిగాను.

“రెండూనమ్మా. వాళ్లకి ఆ తేడా లేదు. మనకుంది. ఉన్నందుకు వాడుకోవాలి కదా!”

ఆ ఇంట్లో రాత్రి అన్నానికి ముందు ప్రార్థన చేసేవారు. అందులో మా నాన్న తోట బాగుండాలని కూడా అడిగేవారు. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని.

పరీక్ష గట్టెక్కాను. మరుసటేడు పంట చేతికొచ్చాక, నాన్న స్వయంగా వెళ్లి మేడంని కల్లానికి పిలుచుకొచ్చాడు. ఆరబోసిన ఎర్రటి కాయల మధ్య, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ, నవ్వు ఆపుకోలేక, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు ఆవిడ. వెనకే, ఆవిడకి ఎండ తగలకుండా గొడుగు పట్టి మా నాన్న.