మామ విత్తనాన్ని నేను పప్పు చేసిన వైనం

మా మామ కూతుర్ని అడగగానే నాకిచ్చేశాడు. అనప విత్తనాన్ని మాత్రం ఎవరు ఎంత అడిగినా ఇవ్వలేదు. దీన్నిబట్టి ఆ ఇంట్లో దేనికి ఎంత విలువో పెళ్ళయిన వారానికే నాకు అర్థమైంది.

ఆయన ఊరు లేపాక్షి దాటాక ఉంటుంది. వానకు ఆ ఊరి దారి సరిగ్గా తెలియదు. అలాంటి చోట వేరుశనగ సాళ్ళ మధ్య, వాళ్ళ నాయన కాలం నుంచీ వస్తున్న అనప తీగలు పాకించేవాడు మామ. అనప చిక్కుడు జాతే, కాయ కొడవలిలా వంగి ఉంటుంది. ముట్టుకుంటే వేళ్ళకు జిడ్డు, జిడ్డుతో పాటు వాసన. ఆ వాసన పట్టిన చేతిని రెండు రోజుల పాటు ఏ సబ్బూ ఏమీ చేయలేదు. ఒకసారి సంచిలో రెండు కిలోల కాయలేసుకుని అనంతపురం బస్సెక్కితే, కండక్టరు టికెట్టు సంగతి మరిచి, కూరలో కొబ్బరి వేస్తారా వేయరా అని నన్ను పెనుకొండ దాకా విచారించాడు. మామ దృష్టిలో వాసన లేని కాయ కాయ కాదు, పొరపాటున ఉబ్బిన ఆకు.

ఇక గింజ. ఎండాక అది నలుపూ కాదు, కాఫీరంగూ కాదు, ఆ రెండింటి మధ్య పంచాయితీ తెగని రంగు. ఒక అంచున తెల్లటి నామం. బజారు గింజకు నామం ఏదో మొక్కుబడిగా, గీసీ గీయనట్టు ఉంటుంది. మామ గింజకైతే, గుళ్ళో దేవుడి కంటే ముందు తనకే హారతి పట్టాలన్నంత దట్టంగా ఉంటుంది.

విత్తనానికి ఏరడంలో ఆయనకో చట్టం ఉంది. మూడు గింజల కాయ కూరకు. నాలుగు గింజల కాయ విత్తనానికి. నాలుగు గింజల కాయను కూరలో వేసిన నేరానికి మా అత్తతో ఒక సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మాట్లాడలేదట. చుట్టుపక్కల రైతులంతా మూడు నెలల్లో కాసే బజారు రకానికి మారిపోయారు. ఎవరైనా వచ్చి గుప్పెడు విత్తనం అడిగితే, "మీరు తీసకపోయి ఆ వాసన లేని దాని పక్కన ఏస్తారు. రెండూ కలిసి చెడతాయి. ల్యా, పో" అనేవాడు. అలా ఆ రకం భూమ్మీద ఒకే ఒక్క ఇంట్లో, ఒకే ఒక్క కుండలో మిగిలింది.

ఆ కుండ దగ్గరికి నేను వెళ్ళాను.

ఓ ఏడు జూన్ చివర్లో, నా భార్యా అత్తా హిందూపురంలో చుట్టాల పెళ్ళికి పోయారు. ఇంట్లో నేనూ మామా మిగిలాం. సాయంత్రం మంచి వాన పడింది. మామ ముఖం పదేళ్ళు చిన్నదైంది.

"పొద్దున్నే చేనికి పోతాండా," అన్నాడు. "సంగటి నేనొచ్చి కెలుకుతా. నంజుకునేకి ఊరిబిండి ఉండాది. నీకు వంట రాదు కదప్పా."

రాదని ఎవరైనా అంటే నాకు అన్నీ వచ్చేస్తాయి. అది నా జబ్బు. "పితికిన పప్పు చేస్తా మామా. జన్మలో తిని ఉండవు," అన్నాను.

"చెయ్యి, ఎవరొద్దన్నారు. అటక మీద కుండలో ఉండాయి గింజలు. సూసుకోని తీసుకో."

నిచ్చెనేసుకుని ఎక్కాను. చూసుకునే తీశాను. అటక మీద రెండు కుండలున్నాయి. ఒకదాంట్లో గింజలకు ఎర్రమట్టి పూసి ఉంది, రెండోదాంట్లో బూడిద కలిపి ఉంది. పురుగు పట్టకుండా రెండూ చేస్తారు. మా అమ్మ విత్తనానికి ఎర్రమట్టి పూసేది, తినేవాటికి బూడిద కలిపేది. కాబట్టి ఒక న్యాయమూర్తికి ఉండాల్సినంత గంభీరంగా ఆలోచించి బూడిద కుండ దించాను. మా మామ ఇంట్లో ఆచారం దానికి సరిగ్గా తలకిందులని నాకు ఎవరు చెప్పారు?

ఇద్దరికి గుప్పెడు చాలు. నేను కుండ మొత్తం నీళ్ళలో పోశాను. పైగా నామం చూసి, ఎంత బలమైన గింజలు తింటారో వీళ్ళు అని మెచ్చుకున్నాను కూడా.

తెల్లారి మామ చేనికి పోగానే పీట వేసుకుని కూర్చున్నాను. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఇది మా అత్తలాంటి వాళ్ళ విషయంలో. నా విషయంలో పప్పు తుపాకి గుండై పోయింది. ఒకటి గోడమీది క్యాలెండర్‌లో వినాయకుడి బొజ్జకు తగిలింది. ఇంకొకటి కిటికీలోంచి వెళ్ళింది, అది ఈపాటికి కర్ణాటకలో దిగి ఉండాలి. అయినా వెనక్కి తగ్గకుండా మూడు గంటలు పితికాను. కొన్ని గింజలు మాత్రం రాత్రంతా నీళ్ళలో ఉండి కూడా ఒక్క చుక్క తాగలేదు. చిన్నగా, గులకరాళ్ళలా, నానకుండా అలాగే ఉన్నాయి. పనికిమాలినవని తిట్టి వాటిని పెరట్లోకి విసిరేశాను.

మామ వచ్చేసరికి పప్పు తెల్లగా మెరుస్తోంది. ఆయన వాకిట్లోనే కాళ్ళు కడుక్కుంటూ, "నేల బలే పదునుగా ఉండాదప్పా. విత్తనం తీసకపోదామని వచ్చినా" అన్నాడు. లోపలికొచ్చి, నా పక్కన తోళ్ళ కుప్ప చూశాడు. వంగి ఒక తోలు తీసి వెలుగులో పట్టుకున్నాడు. దాని అంచున నామం ఇంకా దట్టంగానే ఉంది.

"ఏ కుండలోవి?"

"బూడిద కుండవి."

ఆయన అటక వైపు చూడలేదు. నన్నూ చూడలేదు. పీట మీద నా ఎదురుగా కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"పితికినాక మొలుస్తాదా అప్పా?" అన్నాడు చివరికి. నన్ను అడిగినట్టు లేదు. "ఎర్రమట్టి కుండలోవి తాలు, ఏసినా మొలవవు. ఇవి యాభై ఏండ్లు గుప్పెడైనా పొయ్యెక్కనీలేదు. మా నాయన సచ్చిపోతా నా చేతిలో పెట్టింది ఈ కుండొకటే."

నా జీవితంలో హాస్యం నన్ను వదిలి వెళ్ళిపోయిన సందర్భాలు రెండే. ఇది రెండోది. ఏదో ఒకటి అనాలని, "కొన్ని నానలేదు మామా. పెరట్లో పారేసినా" అన్నాను.

ఆయన లేచిన వేగానికి పీట ఎగిరిపడింది.

"యాడ? యాడ పారేసినావు?"

"అదో, దిబ్బ కాడ."

"దిబ్బ కాడ కోళ్ళుండాయి కదరా!"

పదహారేళ్ళలో ఆయన నన్ను 'రా' అనడం అదే మొదలు. ఇద్దరం పెరట్లో నాలుగు కాళ్ళ మీద పాకాం. ఒక పుంజు నా చూపుడువేలి పక్కనే ఒక గింజను మింగింది. దాన్ని పట్టుకుని నోరు తెరిపించబోయి, దాని చేత పొడిపించుకున్నాను. గోడ మీంచి పొరుగాయన చూసి, "ఏమన్నా పోగొట్టుకున్నారా అన్నా?" అంటే, మామ తలెత్తకుండానే "అల్లుడు నా కొంప పోగొట్టినాడు" అన్నాడు. మధ్యాహ్నానికి ఇరవై ఏడు గింజలు దొరికాయి.

"ఇవి మొండివి," అన్నాడు మామ. "ఊరికే ఏస్తే వచ్చే ఏడు దాంకా భూమిలోనే పండుకుంటాయి. తోలు గట్టి. గరుకు బండ మీద రుద్దల్ల. నామం ఉండే పక్క తాకద్దు, మొలక ఆడుంటాది. వీపు పక్క రుద్దు. తెల్లగా కనపడినాక ఆపు."

ఇరవై ఏడింటి వీపులూ రుద్దాను. నా వేలిముద్రలు అరిగిపోయి, ఇక మీదట రేషన్ దుకాణంలో యంత్రం నన్ను గుర్తుపట్టదేమో అనుకున్నాను. చేను దాకా పోకుండా దారిలోని బావి పక్కనే, చెంబుతో నీళ్ళు పోయగలిగే దూరంలో, ఆయన ఒక్కొక్కటీ నాటాడు.

ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ ఆకలి. పప్పు పారేయలేం. అత్త మసాలా ఎక్కడ పెట్టిందో ఆయన చూపించాడు, నేను వండాను. ఆయన సంగటి ముద్ద తుంచి, పప్పులో అద్ది, నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ఇంకో ముద్ద. మూడోసారి గిన్నె తనే దగ్గరికి లాక్కున్నాడు.

"నాలుగు గింజల కాయ పప్పు పుట్టినప్పటి నుంచి తినలేదప్పా," అన్నాడు. "మంచివన్నీ ఇత్తనానికి, తాలూ తరకా నాకు. ఇట్ల ఉంటాదని తెల్దు." తర్వాత, నన్ను మరీ ఎత్తేసినట్టవుతుందని కాబోలు, "ఉప్పు ఎక్కువేసినావు" అన్నాడు.

సాయంత్రం పెళ్ళి నుంచి వచ్చిన అత్త ఖాళీ కుండ చూసింది, విషయం వింది, నాకు మజ్జిగ ఇవ్వకుండా లోపలికి పోయింది. నా భార్య మాత్రం ఊరంతా తిరిగి చెప్పి వచ్చింది.

తొమ్మిది రోజుల తర్వాత అనంతపురంలో నా ఫోన్ మోగింది. మామ ఫోన్ చేయడమే అపురూపం. "వచ్చినాయి," అన్నాడు.

"ఎన్ని మామా?"

"పదకొండు. ఒకటి మేక తినింది. పది."

ఆ చలికాలం ఆ పది తీగల మీద ఒక్క పచ్చి కాయ కూడా ఎవరినీ తెంపనివ్వలేదు. మూడు గింజల కాయ, నాలుగు గింజల కాయ అన్న చట్టం ఆ ఏడు రద్దు. అన్నీ తీగ మీదే ఎండాయి. ఒలిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను, గింజలకు రెండు మూరల దూరంలో కూర్చోబెట్టారు. మామ గింజలను నాలుగు వాటాలు వేశాడు. ఒకటి తన కుండకు. తర్వాత గోడ అవతలి పొరుగాయన్ను పిలిచాడు. ఆయన ఏళ్ళ తరబడి అడిగి అడిగి మానేసిన మనిషి, వాటాను తువ్వాల్లో మూటగట్టుకుంటూ నమ్మలేనట్టు చూశాడు.

"ఏమన్నా, ఇప్పుడిస్తాండావు?"

"ఒక ఇంట్లో ఒకే అల్లుడు చాలబ్బా నాశనం చేసేకి," అన్నాడు మామ. "నీ ఇంట్లో ఉంటే మళ్ళీ అడుక్కుంటా."

మూడో వాటా పక్క ఊరిలో తన చెల్లెలికి పంపాడు. నాలుగోది నా భార్య కొంగులో పోశాడు. మేం ఉండేది అద్దె ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక బాల్కనీ. మామ ఆమెను పక్కకు పిలిచి, నాకు వినపడాల్సినంత గట్టిగానే చెప్పాడు.

"యాడ పెట్టినావో నీ మొగునికి మాత్రం చెప్పద్దుమ్మా."

ఆమె ఇప్పటిదాకా చెప్పలేదు.