తునికాకు కవచాలు

తొంభైల మొదట్లో నేను ఆర్మూర్ పసుపు మార్కెట్లో గుమస్తాని. దుబాయి నుంచి వచ్చిన మా బావ పన్నెండు ప్లాస్టిక్ సిపాయి బొమ్మలు తెచ్చాడు. వేలెడంత బొమ్మలు, ఏనాటి యుద్ధానివో, ఒంటి మీద ఉత్త చొక్కాలే. టీవీ వార్తల్లో సిపాయిలంతా దళసరి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు తొడుక్కుని కనబడుతుంటే, మావాళ్లు ఇలా ఉండటం నాకు నచ్చలేదు.

అమ్మ బీడీల కత్తెరతో సైకిల్ ట్యూబు కత్తిరించి అంటించాను. సిపాయిలు కాస్తా నిండు చూలాళ్లలా తయారయ్యారు. విసుగొచ్చి కత్తెర విసిరికొట్టాను.

పక్కనే బీడీలు చుడుతున్న అమ్మ దాన్ని తీసుకుంది. "గింత దానికి గంత కోపమేందిరా? గిటు చూడు," అంటూ నానబెట్టిన తునికాకు ముక్కను ఛాతీకి ఎలా చుట్టాలో, దారం ఎలా కట్టాలో చెప్పింది. అలాగే నేనొకడికి కట్టాను. ఆకు ఈనెలు అచ్చం కుట్లలా కనబడ్డాయి. మిగతా పదకొండు మందినీ అమ్మకే అప్పగించి మార్కెట్‌కు పోయాను.

సాయంత్రం వచ్చి చూస్తే ఆ పదకొండు మందికీ తలలు కనబడలేదు. చేతి అలవాటు కొద్దీ అమ్మ, బీడీ మూతి మడిచినట్టే అందరికీ పైన ఆకు మడిచేసింది.

"తలకాయలన్ని మూసినవేందే అమ్మా!" అని అరిచాను.

నాలుక కరుచుకుంటుందనుకున్నాను. ఆమె ఒళ్లోని చాట మీంచి తల కూడా ఎత్తలేదు.

"తుపాకి గుండు ఛాతికే తగుల్తదారా? తలకాయకు తగలదా? నువ్వు కట్టినోడే ముందుగాల పోతడు, చూడు."