సాక్ష్యం చెప్పి పోగొట్టుకున్న గిటారు

ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: మీరు మొదటిసారి స్టేజీ ఎక్కింది ఎక్కడ? కలకత్తా భవానీపూర్‌లో, ఒక క్లబ్బు వార్షికోత్సవంలో అని చెబుతాను. వాళ్ళు బుద్ధిగా రాసుకుంటారు. అది శుద్ధ అబద్ధం. నేను మొట్టమొదట జనం ముందు నిలబడి, చప్పట్లు కొట్టించుకుని, ఒళ్ళు మరిచిపోయింది హౌరా పక్కన లిలువాలో, మా తెలుగు చర్చిలో. అప్పుడు చేతిలో గిటారు లేదు. ఉన్న గిటారు కూడా ఆ చప్పట్ల దెబ్బకే పోయింది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి లిలువా రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు. నాన్న అక్కడే ఫిట్టరు. ఆదివారం మాత్రం సంఘపెద్ద. ముందు బెంచీలో కూర్చుని, కానుకల సంచీ తిప్పి, చర్చి బీరువా తాళంచెవి జేబులో వేసుకుని తిరిగేవాడు. సంఘపెద్ద కొడుకు ఎలా ఉండాలో సంఘంలో పసిపిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

పదకొండో క్లాసు తప్పాను. లెక్కల మాస్టారి మీద నోరు పారేసుకుంటే కొన్నాళ్ళు బడికి రావొద్దన్నారు. హమ్మయ్య అనుకుని జుట్టు భుజాల దాకా పెంచాను. అప్పుడే పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డుగారు రిటైరై ఊరు వదిలి వెళుతూ తన ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు నా చేతిలో పెట్టారు. పాపం, ఆయన మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. దానికి ఆంప్లిఫయర్ లేదు. పాత రేడియో విప్పి ఒకటి నేనే తయారు చేశాను. మంచి క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో దాన్ని ప్లగ్గులో పెట్టేసరికి మా లైనులో క్వార్టర్లన్నిటికీ కరెంటు పోయింది. బెంగాలీలు, బీహారీలు, మనవాళ్ళు, అందరూ బనియన్ల మీదే మా గుమ్మం ముందుకొచ్చి మూడు భాషల్లో తిట్టారు. మూడూ నాకు వచ్చు, అదీ నా ఖర్మ.

మర్నాడే నాన్న ఆ గిటారు తీసుకెళ్ళి చర్చి బీరువాలో, ప్రభు భోజనం గిన్నెల పక్కన పెట్టి తాళం వేసేశాడు.

"ఇంట్లో ఉంటే నువ్వు ఊరుకోవు. అక్కడైతే కూసింత బయ్యముంటాది" అన్నాడు.

అమ్మది ఇంకో దారి. మా చర్చిలో ఆరాధన మధ్యలో అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఎవరికైనా ప్రార్థన అవసరతలు ఉన్నాయా అని అడుగుతారు. ఒకరు లేచి మోకాళ్ళ నొప్పులంటారు, ఒకరు కూతురి ఉద్యోగం అంటారు. అమ్మ ప్రతి ఆదివారం లేచి, "అయ్యగారూ, మావోడు ఆ గిటారు ఒగ్గీసేలాగ పేర్దన సేయండి" అనేది. అంతే, సంఘం సంఘమంతా కళ్ళు మూసుకుని నా గిటారు గురించి దేవుడితో మొరపెట్టుకునేది. నేనొక్కణ్ణే కళ్ళు తెరుచుకుని బీరువా వంక చూస్తూ ఉండేవాణ్ణి.

ఇంతలో భవానీపూర్ కబురు వచ్చింది. అక్కడ ఇద్దరు బెంగాలీ కుర్రాళ్ళతో నాకొక బ్యాండు ఉండేది. ఒకడు డ్రమ్ములు వాయించేవాడు, ఇంకొకడు పాడేవాడు. డ్రమ్మరు మేనమామ వాళ్ళ పేట క్లబ్బులో పెద్దమనిషి. వార్షికోత్సవంలో మాకు ఒక అరగంట ఇప్పించాడు. మా బతుకులో మొదటి ప్రోగ్రాం. నా గిటారు లేకపోతే బ్యాండులో మిగిలేవి డ్రమ్ములూ, ఆ పైన అరుపులూ. ఆ రోజుకి గిటారు నా చేతిలోకి రాకపోతే చచ్చిపోతాననే అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళ వయసులో అలాంటివి నిజంగానే అనుకుంటాం.

నాన్న కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని ఒక షరతు పెట్టాడు.

"సంఘం ముందు లెగిసి సాచ్చం సెప్పు. బుద్ధి వొచ్చినాదని సెప్పు. అప్పుడు సూద్దాం."

సాక్ష్యం అంటే మా దగ్గర చిన్న విషయం కాదు. మనిషి లేచి నిలబడి, నేను ఇలా పాడైపోయాను, దేవుడు ఇలా లాగి ఒడ్డున వేశాడు అని అందరి ముందూ చెప్పాలి. ఎంత లోతు గోతిలో పడితే అంత గట్టిగా హల్లెలూయలు వస్తాయి. మా చర్చిలో ఈ విద్యలో ఆరితేరినవాడు రిటైరైన ఒక ఖలాసీ తాత. తాగుడు మానిన కథ ఏటేటా చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా తాగిన సారా కాస్త పెరిగేది. అయినా ఎవరికీ విసుగు రాలేదు.

నాకు తెలుగు చదవడం రాదు, అందుకని నా సాక్ష్యం బెంగాలీ అక్షరాల్లో రాసుకున్నాను. ఆ ఆదివారం మా డ్రమ్మరు కూడా వచ్చాడు. కార్యక్రమం అవగానే గిటారు మోసుకుపోదామని వెనక బెంచీలో ఖాళీ సంచీతో కూర్చున్నాడు. వాడికి తెలుగు ముక్క రాదు.

లేచాను. పదకొండు తప్పిన సంగతి చెప్పాను. ఎవరూ కదల్లేదు, వాళ్ళకి తెలిసిందే. మాస్టారి గొడవ చెప్పాను. ఎవరో దగ్గారు. కరెంటు పోయిన సంగతి ఎత్తితే ఆనాటి మ్యాచ్ గుర్తొచ్చి కొందరు నా వంక కొరకొరా చూశారు. ఇలా అయితే లాభం లేదనిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టి, గొంతు పెంచి, "ఆ గిటారే నా విగ్రహం!" అన్నాను.

"హల్లెలూయ!" అన్నాడు ఖలాసీ తాత.

అబ్బ, ఆ కేక చెవిన పడగానే నా ఒంట్లోకి ఏదో దూరింది. "పొద్దున్న లేస్తే దానికే మొక్కాను! అమ్మ ఏడుస్తుంటే దాని తీగలు మీటాను!" హల్లెలూయలు మోత మోగిపోయాయి. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. ఇక నన్ను పట్టేవాడెవడు? చెయ్యి పైకెత్తి, "ఈ రోజు నుంచి ఆ గిటారు ముట్టను! ముట్టనంటే ముట్టను!" అని అరిచాను.

చర్చి లేచి నిలబడింది. చప్పట్లు, తంబురాలు, ఏడుపులు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వెనక బెంచీలో మా డ్రమ్మరు. నేను కూర్చునేదాకా నేనేం అన్నానో నాకే తెలియలేదు. తెలిసేసరికి అమ్మ నన్ను కావలించుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి నాన్న నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. గిటారు ఎక్కడ అని ఏ నోటితో అడగను?

బయటికొచ్చాక డ్రమ్మరు సంచీ తెరిచి పట్టుకుని, ఏం చెప్పావు, అంత బాగా అని అడిగాడు. చెప్పాను. వాడు సంచీ నా మొహాన కొట్టి లోకల్ రైలెక్కి వెళ్ళిపోయాడు.

నా పేరు పాకిపోయింది. బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లుల దగ్గర ఉన్న మన తెలుగువాళ్ళ చర్చి నుంచి పిలుపొచ్చింది. నాన్న నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళి, ఇస్త్రీ చొక్కా తొడిగించి మళ్ళీ చెప్పించాడు. రెండోసారి ఇంకా బాగా చెప్పాను, ఆ మాట ఒప్పుకోవాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. తిరుగు ప్రయాణంలో నాన్న కిటికీ పక్క సీటు నాకిచ్చి, పల్లీలు కొని ఒలిచి పెట్టాడు. ఆ పల్లీలు నా గొంతు దిగలేదు.

తర్వాత జుట్టు కత్తిరించుకున్నాను. నాన్న తెచ్చిన అప్రెంటిస్ పరీక్ష పుస్తకం ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఎవరేమన్నా తలూపేవాణ్ణి. అమ్మ కూరలో ఉప్పెక్కువేసినా ఏమీ అనేవాణ్ణి కాదు. క్వార్టర్ల లైనంతా, సంఘపెద్దగారి అబ్బాయి ఎంత మారిపోయాడో అని చెప్పుకునేది. భవానీపూర్ నుంచి ఫోను వస్తే కట్ చేసేవాణ్ణి. అమ్మ ముఖం చూస్తే నిజం చెప్పడానికి నోరు పెగిలేది కాదు. అంత సంతోషంగా ఆమెని ఎన్నడూ చూడలేదు. నేను మాత్రం లోపల కుళ్ళిపోతున్నాను.

ప్రోగ్రాం ఇంకో రెండు రోజుల్లో ఉందనగా ఆదివారం వచ్చింది. అయ్యగారు ఎప్పటిలాగే ప్రార్థన అవసరతలు అడిగారు. అమ్మ లేచింది. ఇంకా ఏం కావాలమ్మా తల్లీ అనుకుని తల దించుకున్నాను.

"అయ్యగారూ, నాను ఇన్నాళ్ళూ ఒక పేర్దన సేయించినాను. దేవుడు ఇన్నాడు, కాదన్ను. ఆ పేర్దన ఇప్పుడు ఎనక్కి తీసుకుంటన్నాను."

అయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "వెనక్కి తీసుకోవడం ఏమిటమ్మా?"

"మావోడు గిటారు ఒగ్గీసినాడు. దాంతోపాటు తిండి ఒగ్గీసినాడు, మాటాడ్డం ఒగ్గీసినాడు. నాతో దెబ్బలాట కూడా నేదు. పిలిస్తే ఊ అంటాడు. మంచోడైపోనాడని అందరూ అంటన్నారు. ఆ మంచోడెవుడో నాకు తెల్దు బాబూ. నాను కన్నోడు ఈడు కాడు."

అయ్యగారు ఇలాంటి విన్నపం జన్మలో విని ఉండరు. నెమ్మదిగా, "అయితే ఇప్పుడు ఏమని ప్రార్థన చెయ్యమంటారు?" అన్నారు.

"ఆడి గిటారు ఆడికి ఇచ్చీమని. ఇది దేవుడితో సెప్పక్కర్నేదు. ఆడి నాన్నతో సెప్పండి, ముందు బెంచీలోనే కూకున్నాడు."

"ఆమేన్!" అన్నాడు ఖలాసీ తాత. ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆయన లేచాడు. తిడతాడనే అనుకున్నాను. బీరువా దగ్గరికెళ్ళి తాళం తీసి, గిటారు మీద దుమ్ము జేబురుమాలుతో తుడిచి, తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తర్వాత తన చోట కూర్చుని, "పాట మొదలెట్టండి అయ్యగారూ, ఆలీసమైపోతంది" అన్నాడు.

ఇంటికి నడిచి వెళుతుంటే అమ్మ పక్కన చేరాను. "అమ్మా, నాకోసం అంతమంది ముందు..." అన్నాను.

"నీకోసమని ఎవుడు సెప్పినాడు?" అంది అమ్మ. "నాకోసమే అడిగినాను. ఇంట్లో నువ్వు ఉన్నావో నేవో తెలకపోతే నాకు ముద్ద దిగతన్నేదు."