మా ఆర్కిటెక్టు సారు, నేను మింగేసిన మాట

మొన్న పొద్దున మా పాత అటెండరు ఫోన్ చేసి, "మేడం, మన ఆర్కిటెక్టు సారు పోయిండు," అన్నాడు. నేను నారాయణఖేడ్‌లో ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నప్పుడు మా బడికి కొత్త గదులు కట్టించిన మనిషి ఆయన. కల్హేర్ తాపీమేస్త్రీ కొడుకు.

గీత గీయకముందు మూడు రోజులు పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ ఎవరి కళ్లలో పడుతుందో చూశాడు. "ఊడ్చేటామెను అడుగుండ్రి, గది ఎట్లుందో ఆమెకే తెలుస్తది," అనేవాడు. నల్లరేగడి నేల కాబట్టి పునాది ఇంకా లోతుకు తవ్వించాడు. మేస్త్రీ గొణిగితే, "గీ భూమి ఎండకు నోరు తెరుస్తది, వానకు ఉబ్బుతది. తొందరపడితే ఇనదు," అన్నాడు. పని ఏడాది ఆలస్యమైంది. పిల్లలు వరండాలో చదివారు. మీలో ఆ గదుల్లో చదివినవాళ్లు ఉంటే వాళ్లకు తెలుసు, గోడలకు ఈనాటికీ ఒక్క బీట లేదు.

నాలుగేళ్ల కింద, కంగ్టిలో ఆడపిల్లల హాస్టల్ కట్టాలని ఒక ట్రస్టు పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"మీ సారుకు ఇస్తే ఎట్లుంటది మేడం? మీరెట్లంటే అట్ల."

"మంచోడే. నమ్మచ్చు. కాని ఆలస్యం చేస్తడు," అన్నాను.

"జూన్‌కల్ల పిల్లలు రావాలె."

పునాది సంగతి నోటిదాకా వచ్చింది. రేపు ఆలస్యమైతే మాట నా మీదికి వస్తుందని మింగేశాను. పని వేరేవాళ్లకు పోయింది.

నేనన్న మాట సారుకు తెలిసింది. బస్టాండులో కనబడితే తలదించుకున్నాను. "పరేషాన్ ఎందుకు మేడం? మీరు అబద్ధం చెప్పలే గద," అన్నాడు. నిజమే, చెప్పలేదు. ఎందుకు ఆలస్యం చేస్తాడో కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఇంటికి వెళ్లాలని ఎన్నోసార్లు అనుకున్నాను, వెళ్లలేదు.

రెండో వానాకాలానికే హాస్టల్ గోడ బీటలు వారిందని విన్నాను. ఆయన పోయిన మూడోనాడు ఉండబట్టలేక కంగ్టి వెళ్లాను. వార్డెన్ నన్ను వెనక గోడ దగ్గరికి తీసుకుపోయింది.

"సారు నిరుడు రెండుసార్లు బస్సెక్కి వచ్చిండు మేడం. ఎవరూ పిలవలే. నీళ్లు పునాదిల నిలుస్తున్నయని కూలోళ్లను పెట్టి గీ కాల్వ తీపిచ్చిండు. అప్పటిసంది బీట పెరగలే."

"నా గురించి ఏమన్న అన్నడా?"

"పిల్లలు ఏ గదిల పండుకుంటున్నరని అడిగిండు. గంతే."

ఇంతలో వాన మొదలైంది. ఇద్దరం మెట్ల మీదికి జరిగి నిలబడ్డాం. డాబా మీంచి పడ్డ నీళ్లు కాలువలోకి దిగి, గోడను తాకకుండా మలుపు తిరిగి, పక్కనున్న కందిచేలోకి పోతున్నాయి.