దిద్దవద్దన్న ఫోటో

డిజిటల్ గదిలో ఉన్న ఒకే ఒక్క ఉద్యోగం లీదియాకు ఇవ్వలేదు. పరీక్షకు పెట్టిన నిబంధనను ఆమె పాటించింది. పాటించని ఫోటోను గెలిపించారు. ఇదేమిటని అడిగితే, నీకు అసూయ అన్నారు.

అసూయ ఉన్న మాట నిజమే. దాన్ని దాచిపెట్టి ఆమె కథ చెప్పడం ఆమెకే అన్యాయం.

1999లో, మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో, ఆ మేడల్లోని కంపెనీలకు రంగుల బ్రోచర్లు వేసిపెట్టే సంస్థ ఒకటి అక్కడ వెలిసింది. చందానగర్‌లోని ఒక ఫోటో స్టూడియోలో చేయి తిరిగిన లీదియాను ఫిల్ములు కడిగే డార్క్‌రూమ్ పనికి తీసుకున్నారు. స్టూడియోలో ఆమె అసలు పని పెళ్లిచూపులకు పంపే ఫోటోలు దిద్దడం. నెగెటివ్ మీద మొనదేలిన పెన్సిలుతో సుతారంగా గీసి, నల్లటి చెంపను చామనఛాయకు, చామనఛాయను పసిమికి తెచ్చేది. "జర తెల్లగ చెయ్యి బిడ్డా" అని ఆడపిల్లల తల్లులు బతిమాలుకునేవారు. బొట్టు చెదరకుండా, ముక్కుపుడక మెరుపు పోకుండా ముఖాన్ని తేటపరచడంలో ఆమెకు సాటి లేరని ఆ వీధంతా చెప్పుకునేది.

సంస్థలోకి డిజిటల్ కెమెరా వచ్చింది. దాని వెనకే కృష్ణప్రియ వచ్చింది. కాకినాడలో కంప్యూటరు చదువు చదివిన పిల్ల. మొదటి రోజే లీదియాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల చూడకుండానే మౌసు కదిలిస్తుంది. మేనేజరు వేణు గారు జోకు పూర్తి చేయకముందే నవ్వుతుంది. ఏసీ గదిలో చలేస్తోందని శాలువా కప్పుకుంటుంది. డార్క్‌రూమ్‌లో చెమటలు కక్కే లీదియాకు అన్నిటికంటే ఆ శాలువా మీదే ఎక్కువ కోపం. చలి వేయడం కూడా ఒక అదృష్టమేనా! మందునీళ్లకు నల్లబడిన తన గోళ్లను ఆ పిల్ల ముందు పిడికిట్లో దాచుకునేది.

"లీదియా గారూ, మీరూ నేర్చుకోండి. ఇందులో ఏం లేదండి" అంటే ఆ మంచితనం కూడా గుచ్చుకునేది.

"ఏం లేకపోతే నువ్వెందుకు వచ్చినవ్ మరి?" అని నవ్వుతూనే చురక అంటించేది. అయినా భోజనాల వేళ ఆ పిల్ల కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా అందులో కూర్చుని, నేర్చుకోవలసినదంతా నేర్చుకుంది.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. ఆ కెమెరా ఇచ్చేది రా ఫైలు, కడగని ఫిల్ము లాంటిది. దాన్ని కంప్యూటరులోకి దించుకొని, తెరిచి, దిద్దడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. ఏది వాడాలో తేలలేదు. కెమెరాతో పాటు వచ్చిన ప్రోగ్రాం మహా నిదానం; ఒక్క ఫోటో తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. కానీ అది వెలుతురునూ రంగునూ తనంతట తాను ముట్టుకోదు. లీదియా దాని పక్షం. కృష్ణప్రియ తెచ్చిన ట్రయల్ సీడీలోని ప్రోగ్రాం చకచకా దించుకుంటుంది; దించుకుంటూనే వెలుతురు పెంచి, రంగు తేల్చి, తనే సవరించేస్తుంది. ఆ సవరణను ఆపుకునే వీలు కూడా ఉంది. ఆ అమ్మాయి ఆపలేదు.

వేణు గారు పరీక్ష పెట్టారు. డార్క్‌రూమ్‌ను నెలాఖరుకు మూసేస్తామనీ, ఎవరి సాఫ్ట్‌వేర్ నెగ్గితే డిజిటల్ గదిలోని ఒక్క ఉద్యోగం వాళ్లదేననీ అందరి ముందూ ప్రకటించారు. నిబంధన కూడా ఆయనే చెప్పారు. "ఫైలు ఒకటే, ఇద్దరూ తెరవాలి. ఫోటోలో ఏ మార్పూ ఉండకూడదు. ఉన్నదున్నట్టు ప్రింటు తీయాలి."

ఫోటోకు క్యాంటీన్‌లో వంట చేసే రుక్కమ్మను కూర్చోబెట్టారు. శేరిలింగంపల్లి మనిషి, నిగనిగలాడే నలుపు.

తెర మీద ఆ ముఖం తెరుచుకోగానే లీదియా వేళ్లు అలవాటుగా కదిలాయి. మౌసుతో వెలుతురు మీటను కాస్త జరిపితే చాలు, ముఖం తేటపడుతుంది. ఆపుకుంది. నిబంధన మీద భక్తితో కాదు. గెలిస్తే ఆ పిల్ల వంక పెట్టడానికి వీల్లేకుండా గెలవాలి. ఆ శాలువా మడిచి సంచిలో పెట్టుకొని ఆ పిల్ల బయటికి నడుస్తుంటే తను చూడాలి. ఇన్నేళ్ల చేతి అలవాటును కట్టిపడేసింది ఆ కుళ్లే.

రెండు ప్రింట్లూ బల్ల మీద పెట్టారు. ఒకదానిలో రుక్కమ్మ ఉన్నట్టే ఉంది, పొయ్యి సెగకు చెంప మీద కమిలిన మచ్చతో సహా. రెండోదానిలో మచ్చ కరిగిపోయింది. ముఖం గోధుమరంగుకు తిరిగింది.

వేణు గారు రెండోది ఎత్తి పట్టుకున్నారు. "ఫోటో అంటే ఇదీ! శభాష్ కృష్ణప్రియా."

"సార్, మార్చొద్దన్నరు గద" అంది లీదియా.

"నేనేం ముట్టుకోలేదండి. అదే సరిచేసుకుంది" అంది కృష్ణప్రియ, తల దించుకొని.

"ఎవరు మారిస్తేంది? మారింది గద! రుక్కమ్మా, నువ్వే చెప్పు. ఈ రెండిట్ల ఏది నువ్వు?"

రుక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని, రెండింటినీ తేరిపార చూసి, నల్లటి ప్రింటు మీద వేలు పెట్టింది. "గిది నేను." తర్వాత రెండోది చేతిలోకి తీసుకుంది. "గిదేమో మా ఇంట్ల గోడకు పెట్టుకునే నేను. సార్, ఇది నాకియ్యుర్రి."

అందరూ నవ్వారు. లీదియా నవ్వలేదు.

"చూశావా, ఆమెకే నచ్చింది" అన్నారు వేణు గారు.

"నచ్చేదే కావాలంటే మొదలే చెప్పాలె గద సార్! తెల్లగ చేసుడు నాకంటె మంచిగ ఎవరికొస్తది? ఇన్నేండ్లు గదే పని జేసిన. మీరు వద్దంటేనే చేతులు కట్టుకున్న."

"లీదియా, నీది వట్టి అసూయ. ఆ అమ్మాయిని చూసి నేర్చుకో."

ఆ మాట అబద్ధమైతే ఆమె ఎదిరించేదే. నిజం కావడంతో తన ప్రింటు తీసుకొని పక్కకు జరిగింది. దాన్నే ఒప్పుకోలుగా లెక్కగట్టి, డిజిటల్ గది తాళంచెవి కృష్ణప్రియ చేతిలో పెట్టారు.

ఇక్కడే తప్పు రెండింతలైంది. ఫిర్యాదు చేసిన మనిషి మనసులో ఏముందన్నది వేరు, ఫిర్యాదులో నిజముందా అన్నది వేరు. అసూయపడిన వాళ్లకు న్యాయం అక్కర్లేదని ఏ చట్టమూ చెప్పదు. పోటీకి ముందు ఒక కొలత చూపి, ముగిశాక మరో కొలతతో కొలవడం మాత్రం ఏ చట్టం ముందైనా అన్యాయమే.

వేణు గారూ, సంస్థ డైరెక్టర్లారా! మీకు తెల్లటి ముఖాలే కావాలంటే ఆ మాట ధైర్యంగా ముందే ప్రకటించి, దిద్దే అవకాశం ఇద్దరికీ ఇవ్వండి. ఉన్నదున్నట్టే కావాలంటే రెండో ప్రోగ్రాంలో సవరణ ఆపించి, అదే ఫైలును మళ్లీ తెరిపించండి. ఏది ఎంచుకున్నా సరే, జరిగిన పరీక్షను రద్దు చేసి, ఇద్దరి ఎదుటా కొత్తగా జరపండి. అప్పటిదాకా ఆ ఉద్యోగాన్ని ఎవరికీ ఖాయం చేయవద్దు. లీదియా అసూయను మాన్పించమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు పెట్టిన నిబంధనకు మీరు కట్టుబడండి.