ముందు ముల్లు సంగతి చెప్పు

పెళ్లిళ్ల రోజులవి. జడ్చర్లలో మా ఇంటి ముందు పరుపుల పని జోరుగా సాగుతోంది. మా ఆయన మస్తాన్ దూది ఏకుతుంటే నేను పరుపులు కుట్టేదాన్ని. ఆ రోజు దబ్బనం పరుపులో గుచ్చాను, పైకి లాగుదామంటే ఊపిరి అందలేదు. ఛాతీలో పిల్లికూతలు. "దూది పోయింటది గొంతుల, జర నీళ్లు తాగు" అన్నాడాయన. ఎన్ని తాగినా తగ్గలేదు.

ఊళ్లో డాక్టరు దగ్గుమందు ఇచ్చాడు. ఇంకొకాయన టీబీ అన్నాడు. ఆ మాట వినగానే పక్కింటివాళ్లు మా ఇంట్లో చాయ్ తాగడం మానేశారు. ఎంత ఏడ్చానో! చివరికి హైదరాబాద్ దవాఖానలో ఎక్స్‌రే తీసి, గొట్టంలో ఊదించి, "టీబీ గీబీ ఏం లేదమ్మా, ఆస్తమా" అన్నారు డాక్టరు సాబ్. ఇన్‌హేలర్, అవసరానికి దాచుకోమని స్టెరాయిడ్ గోలీలు ఇచ్చి, దూది జోలికి పోవద్దన్నారు. పీక్ ఫ్లో మీటర్ అని ఒక చిన్న గొట్టం కూడా చేతిలో పెట్టారు. గట్టిగా ఊదితే దాని ముల్లు పైకి పోతుంది. ఒకచోట ఎర్ర గీత గీశారు.

"రోజూ పొద్దున ఊదు. మంగళవారం మంగళవారం ఫోన్ చెయ్యి. ముల్లు గీ ఎర్రగీత దాటకపోతే మాత్రం మంగళవారం దాక ఆగొద్దు."

కొన్ని నెలలు బాగానే గడిచాయి. వానాకాలంలో మా ఆడబిడ్డ వాళ్లు వస్తే పాత బొంతలు దులిపాను. బుద్ధి ఉందా నాకు! మర్నాడు మంగళవారం. ఎంత ఊదినా ముల్లు గీత దాటలేదు. మస్తాన్‌తో ఎస్టీడీ బూత్‌కు నడిచేసరికే ఆయాసం.

లైను కలిసింది. "ఎట్లున్నవమ్మా?" అన్నారు డాక్టరు సాబ్.

"మంచిగున్న సార్. మీరు మంచిగున్నరా? అమ్మగారు, పిల్లలు మంచిగున్నరా?" అన్నాను ఆయాసం బిగబట్టి.

పెద్దమనిషి కుశలం అడిగితే బాగాలేనని ఎట్లా అంటాం? మా ఇళ్లలో మంచం పట్టినవాళ్లు కూడా మంచిగున్ననే అంటారు. "సరే, మందులు గట్లనే వాడు" అని ఆయన ఫోన్ పెట్టేయబోయారు. మస్తాన్ రిసీవర్ గుంజుకున్నాడు.

"అబద్ధం సార్! ముల్లు ఎర్రగీత కిందనే ఉన్నది. మాట సుత వెళ్తలేదు!"

బూత్‌లో అందరి ముందు ఇజ్జత్ తీశాడని నాకు ఒళ్లు మండింది. ముందే ఇచ్చిన స్టెరాయిడ్ గోలీలు వేసుకుని వెంటనే బస్సెక్కమన్నారట డాక్టరు సాబ్.

బస్సు షాద్‌నగర్ దాటేసరికి నోట మాట ఆగిపోయింది. చచ్చిపోతాననే అనుకున్నాను. మస్తాన్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దవాఖానలో ఆక్సిజన్, నెబ్యులైజర్, ఇంజెక్షన్లు. తేరుకున్నాక డాక్టరు సాబ్ కోప్పడ్డారు. "ఇంట్లనే ఉంటే నీకు ఇంకో మంగళవారం లేకుండె. ఇగ నేను ఎట్లున్నవని అడగ. ఫోనెత్తంగనే ముల్లు ఏడున్నదో చెప్పు. మర్యాదలు తర్వాత."

ఇప్పుడు మస్తాన్ వేరే కిరాయి జాగాలో దూది ఏకి, స్నానం చేశాకే ఇంట్లోకి వస్తాడు. నేను దిండు గలీబులు కుడతాను. పక్కింటివాళ్లు మళ్లీ చాయ్‌కి వస్తున్నారు. వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతున్నాను, అంతకంటే ఏం కావాలి!

నాలాంటి వాళ్లకు ఒక్క మాట. డాక్టరుకు ఫోన్ చేస్తే ముందు ముల్లు సంగతి చెప్పండి. మొన్న నేనూ అట్లాగే, "గీతకు శాన మీదున్నది సార్" అన్నాను.

"ఇగ ఇప్పుడు అడుగుత. ఎట్లున్నవమ్మా?" అన్నారాయన నవ్వుతూ.

"మంచిగున్న సార్" అన్నాను. మస్తాన్ పక్కనే ఉన్నాడు. రిసీవర్ గుంజుకోలేదు.